దొరగారి బస ఖర్చు

కొండమీది వాతావరణ కేంద్రం,
మంగళవారం

ఒరేయ్ చిన్నోడా,

క్షేమంగా చేరాను. బండి దారిలో రెండుసార్లు మొరాయించింది. గది అగ్గిపెట్టెంత ఉంది. కిటికీ తీస్తే మబ్బు లోపలికొస్తుంది, మూస్తే పొయ్యి పొగ బయటికి పోదు. ఇక్కడ ఫోను రేడియో గదిలో ఒక్కటే ఉంది. అది వానా గాలీ లెక్కలు చెప్పుకోవడానికే తప్ప అక్కాతమ్ముళ్ళ కబుర్లకి కాదట. వారానికోసారి సామాన్ల బండి వస్తుంది, దాంతోనే ఉత్తరాలు. కాబట్టి చలికాలం పోయేదాకా నీకు నా చేతిరాతే గతి.

నా ఉద్యోగం గురించి గొప్పగా చెప్పుకోకు. పరికరాలు బాగుచెయ్యడానికి పిలిపించారన్నది నిజమే గానీ, చేస్తున్నది మాత్రం గాలివేగం కొలిచే గిన్నెల మీద పేరుకున్న మంచు గోకడం. పొద్దున గోకితే మధ్యాహ్నానికి మళ్ళీ పేరుకుంటుంది.

అసలు సంగతికొస్తాను. మా దొర ఎలా ఉన్నాడు? పిల్లుల హాస్టల్ వాళ్ళు అడిగే రేటు నేను చెప్పినప్పుడు నీ చేతిలో కత్తెర అలాగే ఆగిపోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ‘ఆ డబ్బుకి మనిషి లాడ్జిలో దిగి మూడు పూటలా తినొచ్చు, పిల్లికెందుకే?’ అని గుండెలు బాదుకున్నావు. పిల్లికి బిచ్చం పెట్టనివాడని వీధి వీధంతా పేరు మోసిన నా తమ్ముడు ఒక పిల్లికి ఏకంగా బసే ఇస్తానన్నాడంటే, అది నా గొప్ప కాదు, ఆ హాస్టల్ రేటు మహిమ. ఒప్పందం ప్రకారం ఆ రేటులో సగం నెలనెలా నీకు పంపిస్తాను. నాకు సగం మిగులు, నీకు సగం లాభం.

షరతులు మరిచిపోయావేమోనని మళ్ళీ రాస్తున్నాను. దొరని ఇంట్లోనే ఉంచాలి, దుకాణంలో కాదు. చీకటి పడేలోగా నువ్వు ఇంటికి చేరాలి. వాడు ఒంటరిగా తినడు. గిన్నె పెట్టేసి వెళ్ళిపోతే దాన్నే చూస్తూ కూర్చుంటాడు తప్ప ముట్టడు. పక్కన మనిషుండాలి, వీలైతే ఆ మనిషి కూడా ఏదో ఒకటి తింటూ ఉండాలి. రాత్రి కాళ్ళ దగ్గర పడుకుంటాడు, తన్నకు.

వాడి చెవి వెనకాల ఒకసారి నిమురు. నా పేరు చెప్పి.

మీ అక్క


దుకాణం,
శనివారం

కొండెక్కిన అక్కయ్యకి,

నీ దొర బతికే ఉన్నాడు. నా సంగతే తేలాల్సి ఉంది.

మొదటిరోజు నీ షరతు పక్కన పెట్టి వాణ్ణి దుకాణంలోనే ఉంచుదామనుకున్నాను. ఇంటికీ దుకాణానికీ తిరగడానికి నాకు తీరికేదీ? బుట్ట మూత తీశానో లేదో, ఇస్త్రీ బల్ల ఎక్కి, అక్కణ్ణించి దారాల అర ఎక్కి, రీళ్ళని ఒక్కొక్కటే కాలితో నెట్టి కింద పడేస్తూ, ఏది ఎంత దూరం దొర్లుతుందో చూస్తూ కూర్చున్నాడు. జిప్పు మార్పించుకోవడానికొచ్చిన పోస్టాయన కాలికి ఎర్రదారం చుట్టుకుంది. ఆయన చూసుకోకుండా వీధి చివరిదాకా వెళ్ళిపోయాడు. దారం ఊరికే వస్తుందా అక్కా? రీలుకి చుట్టుకుంటూ వెంటపడ్డాను. ఎదురింటి కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆ సాయంత్రమే బుట్ట చంకన పెట్టుకుని ఇంటికి నడిచాను.

ఇంట్లో మాత్రం బుద్ధిమంతుడే. ముందు గదులన్నీ తనిఖీ చేశాడు, అద్దెకు దిగబోయేవాడిలాగా. నేలంతా వాడి పాదముద్రలే. వంటింటి గట్టు ఎక్కాడు, బొగ్గులాంటి మూతి పెట్టి ప్రతి డబ్బా వాసన చూశాడు. డబ్బాల్లో ఏమీ లేదని తేలాక నా వైపు చూసిన చూపుంది చూడూ, అచ్చం నీ చూపే. మళ్ళీ బయటికెళ్ళి సరుకులు తెచ్చాను. అదీ ఖర్చే, రాసుకో.

ఒక్క ముందుగది తలుపు దగ్గరే వాడికీ నాకూ పేచీ. అది మూసే ఉంటుందని నీకు తెలుసు. కింది సందులో చెయ్యి దూర్చి లాగుతాడు, ముక్కు పెట్టి వాసన చూస్తాడు, నా వైపు తిరిగి అరుస్తాడు. ‘అందులో నీకేం పనిలేదు’ అన్నాను. నాక్కూడా లేదు.

వ్యాపారం నడుస్తోంది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, నడుము వదులు చెయ్యడం, జిప్పులు. ‘కోట్లు కుట్టబడవు’ బోర్డు చూసి కొందరు వెనక్కి పోతున్నారు. పోనీ. గుండీ కాజాలు అక్కర్లేని పని ఊళ్ళో బోలెడుంది.

మొదటి నెల డబ్బు అందింది. ఆలస్యం చెయ్యనందుకు సంతోషం.

తమ్ముడు


కొండమీది వాతావరణ కేంద్రం,
మంచు ఆగని వారం

కత్తెరబాబుకి,

నీ ఉత్తరం ఇక్కడి వంటాయనకి కూడా చదివి వినిపించాను. దారం చుట్టుకుంటూ పోస్టాయన వెంట పరిగెత్తిన చోట ఆయన గరిటె కింద పడేసుకుని నవ్వాడు. ఇక్కడ నవ్వడానికి వేరే ఏమీ లేదు. పోయిన వారం గాలిపటం వదిలినట్టు నా టోపీ లోయలోకి పోయింది. ఇప్పుడు తలకి తువ్వాలు చుట్టుకుని తిరుగుతున్నాను. నువ్వు కుట్టిచ్చిన పాత జాకెట్టు మోచేతుల దగ్గర నీరసించింది. అయినా బతికే ఉన్నాను.

ఒక్క మాట అడుగుతాను. పిల్లి పాదముద్రలు నేల మీద కనబడ్డాయంటే ఆ నేల మీద ఎంత దుమ్ముండాలిరా? డబ్బాల్లో గింజ లేదంటావు. ఇంటికీ దుకాణానికీ తిరగడానికి తీరికేదీ అంటావు. మరి ఇన్నాళ్ళూ నువ్వు తింటున్నదెక్కడ, పడుకుంటున్నదెక్కడ? జవాబు రాయక్కర్లేదు. దొరకి దుమ్ము పడదు, తుమ్ములొస్తాయి, కాస్త చీపురు పట్టుకో.

ముందుగది గురించి నేనేమీ అనను. అనకూడదనే కూర్చున్నాను గానీ కలం ఆగడం లేదు. నువ్వు రోజూ సాయంత్రం కుట్టిన కోట్లు చేతిమీద వేసుకుని ఇంటికి రావడం, నా మరదలు ఆ కిటికీ పక్కన కూర్చుని కాజాలు తియ్యడం ఎన్నిసార్లు చూశాను! పంటికింద దారం పెట్టుకుని కూడా మాట్లాడేది మహాతల్లి. సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు, అయినా నవ్వొచ్చేది. నీ కోటు కొనడానికొచ్చిన వాళ్ళు ముందు కాజా తిప్పి చూసేవాళ్ళు, ఆ తర్వాతే కోటు. నీకు కాస్త ఉడుకుమోత్తనం ఉండేదని కూడా నాకు తెలుసు.

ఆమె పోయి రెండు చలికాలాలు. నాకే చెయ్యి విరిగినట్టుంది, నీ సంగతి ఊహించుకోగలను. దొర ఆ తలుపు గీరితే గీరనీ. కోప్పడకు. వాడికి మూసిన తలుపంటే పడదు, అంతే.

రెండో నెల డబ్బు ఈ బండిలోనే పంపుతున్నాను.

అక్క


ఇల్లు,
ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరంలో నవ్వులు వెతక్కు, వంటాయనకి చదివి వినిపించకు. నీ దొర నన్ను నిలువునా ముంచాడు.

గురువారం ఇంట్లో నీళ్ళగొట్టం పగిలింది. బాగుచెయ్యడానికొచ్చిన వాళ్ళు తలుపులు బార్లా తీసి పెట్టుకుంటామన్నారు. దొర బయటికి పోతే నీకు ఏ మొహంతో ఉత్తరం రాయను? అందుకని ఆ ఒక్కపూటకీ దుకాణానికి తీసుకెళ్ళాను. బల్ల మీద ఒకావిడ కోటుంది. కోట్లు ముట్టుకోవుగా అంటావేమో, కుట్టడానికి కాదు, లోపలి అస్తరు చిరిగితే మార్చమని ఇచ్చింది. బరువైన ఉన్ని కోటు, చేతి కాజాలు. ఆ కోటులో ఏ వాసన ఉందో ఏమో, దొర ముందు దాని చుట్టూ తిరిగాడు, బుసకొట్టాడు, తోక ఇంత లావు చేశాడు, ఆ తర్వాత మీద పడి యుద్ధం మొదలుపెట్టాడు. గోరు పై కాజాలో ఇరుక్కుంది. వాడు హడలిపోయి గుంజుకున్నాడు. నేను విడిపించేసరికి కుట్టంతా ఊడి పోగులు వేలాడుతున్నాయి.

ఇంకే దర్జీకైనా అది అరపూట పని కూడా కాదు. నేను సాయంత్రందాకా ఆ చిల్లు చూస్తూ కూర్చున్నాను. బజారులో మిషను కాజాలు వేసేవాడి దగ్గరికి పట్టుకెళ్ళాను. తిప్పి చూసి, ‘దీనికి మిషను పెడితే ఉన్ని పిగిలిపోతుందన్నా. అయినా మీ ఇంట్లోనే కదా...’ అని సగంలో నాలుక కరుచుకున్నాడు. వాడి తప్పేం లేదు.

మర్నాడు దుకాణం తెరవలేదు. ఆ రంగు పట్టుదారం నా దగ్గర లేదు. ఎక్కడుందో మాత్రం తెలుసు. ముందుగదిలో కిటికీ పక్క బల్ల మీద, బిస్కెట్ల డబ్బాలో. పొద్దున్నే టీ తాగి, గిన్నెలు కడిగి, నేల తుడిచి, ఇక చెయ్యడానికి ఇంకేమీ మిగలక, తలుపు తీశాను.

నాకంటే ముందు దొర దూరాడు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. వాడు గదంతా ఒక చుట్టు చుట్టి, నేరుగా వెళ్ళి నీ మరదలి కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. దిగమన్నాను. దిగలేదు. ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచాను. వాడు చెవులు వెనక్కి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు, ఇది నా చోటే అన్నట్టు. ఆ తర్వాత నేను నేలమీద కూర్చుని ఏడ్చాను అక్కా. ఆమె పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే నేను మనుషులకి కుర్చీలు వేశాను, నీకు గుర్తుందో లేదో. ఆ రోజు ఏడవాల్సింది మొన్న ఏడ్చాను.

డబ్బాలో దారాలు రంగుల వరసలో ఎలా పెట్టిందో అలాగే ఉన్నాయి. మైనం ముక్క మీద ఆమె దారం లాగిన గాట్లు ఉన్నాయి. నేనూ అదే గాటులోంచి లాగాను. చిల్లు చుట్టూ ఒక పోగు పరవాలి, దాని మీద దగ్గరదగ్గరగా కుట్టాలి, ప్రతి కుట్టుకీ అంచున ఒక చిన్న ముడి పడాలి. పక్కన కూర్చుని కొన్ని వేలసార్లు చూశాను. చూసినదంతా చేతికి రావాలని ఎక్కడుంది? కుట్టాను, విప్పాను, మళ్ళీ కుట్టాను. దొర నా పాదాల మీద పడుకున్నాడు గానీ దారం జోలికి రాలేదు.

కాజా వంకరగా వచ్చింది. కానీ గుండీ పడుతోంది. ఎల్లుండి ఆవిడ వస్తుంది, ఏమంటుందో చూడాలి.

తమ్ముడు


కొండమీది వాతావరణ కేంద్రం,
దారి మూసుకున్న వారం

నాన్నా,

ఉత్తరం పైన ‘ఇల్లు’ అని రాశావు. ముందు అదే చూశాను, ఆ తర్వాత మిగతాది చదివాను. చదివి ఏడ్చాను. వంటాయన పొయ్యి దగ్గరికి పిలిచి, వేడినీళ్ళ గ్లాసు చేతిలో పెట్టాడు. మంచి మనిషి.

నువ్వు కుర్చీలు వెయ్యడం నాకు గుర్తుంది. వచ్చిన వాళ్ళందరికీ వేసి, ఆఖరికి నీకే కుర్చీ లేక గోడకి ఆనుకుని నిలబడ్డావు. ఆ రోజే వచ్చి నీ పక్కన నిలబడాల్సింది. నేను కూడా ఏదో పని కల్పించుకుని వంటింట్లో తిరిగాను. మన ఇంటివాళ్ళందరిదీ ఇదే జబ్బు.

ఇప్పుడు భయమేస్తోంది. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయినట్టు, నేనొకటి అనుకుంటే నీకు ఇంకొకటి తగిలింది. నిన్ను ఒంటరిగా ఆ గదిలో ఏడిపించడానికి కాదు నేను దొరని పంపింది. కోటావిడ గొడవ చేస్తే నష్టం నేనే కడతాను, మొహమాటపడకు.

పైగా దారి మీద కొండచరియ విరిగిపడింది. బండి అవతలే ఆగుతోంది, అలవాటున్న కూలీలు ఉత్తరాల సంచి మాత్రం కాలిబాటన మోసి దాటిస్తున్నారు. నేను అనుకున్న రోజుకి దిగలేను. ఇంకో నెలైనా పట్టొచ్చంటున్నారు. అన్ని రోజులు నీకు బరువు పెట్టలేను. బుట్టా, గిన్నే ఇచ్చి దొరని హాస్టల్లో చేర్పించెయ్. ఖర్చు సంగతి నువ్వు చూడకు, ఈ ఒక్క నెలకీ నేను తట్టుకోగలను. వాడికి కాస్త బెంగగా ఉంటుంది, అంతే. నువ్వు మళ్ళీ నీ పద్ధతిలో నువ్వు ఉండొచ్చు.

ఇది కోపంతో రాసింది కాదు, తెలుసుగా?

అక్క


ఇల్లు,
నీ ఉత్తరం అందిన పూటే

అక్కా,

హాస్టలా? నీకు మతిగానీ పోయిందా? చలికి మెదడు గడ్డకట్టిందా?

ఇవాళే ఆ పక్కకి పనిమీద వెళ్ళి ఊరికే కనుక్కున్నాను. నువ్వు అడిగిన రోజుల్లో ఉన్న రేటు కాదిప్పుడు. రెట్టింపు! చలికాలం కదా, అందరూ ప్రయాణాలు, వీళ్ళకి పంట పండింది. అదీ వట్టి బసకే. దుప్పటికి వేరే, నీళ్ళకి వేరే, కిటికీ పక్క చోటుకి వేరే. నిమిరితే కూడా వేరే కట్టాలి అక్కా, ఒకసారి నిమిరితే ఇంత అని! చెవి వెనకాలైతే ఇంకాస్త ఎక్కువ. మన దొరకి రోజుకి ఎన్నిసార్లు నిమరాలో నీకు తెలియంది కాదు, దివాలా తీస్తావు.

పోనీ బాగా చూస్తారా అంటే అదీ లేదు. పిల్లులన్నీ బక్కచిక్కి, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ, రైలు తప్పిపోయిన వాళ్ళలా కూర్చున్నాయి. ఒకటైతే నన్ను చూసి తీసుకుపొమ్మన్నట్టు అరిచింది. అక్కడ దొరని వదిలితే వాడి ఉసురు నీకు తగులుతుంది.

నెల కాదు, రెండు నెలలైనా నాకేం బరువు లేదు. వాడూ నేనూ ఒక పద్ధతికి వచ్చాం. పొద్దున నన్ను లేపుతాడు, నేను టీ పెట్టుకుంటాను, వాడు కిటికీలో కూర్చుని వీధిని తిడతాడు. ముందుగది కిటికీకే ఎండ బాగా వస్తుంది, అందుకని తలుపు తీసే ఉంచుతున్నాను. వాడి కోసమే.

కోటావిడ గొడవేమీ చెయ్యలేదు. నువ్వేమీ కట్టక్కర్లేదు. అయితే నెలనెలా పంపే సగం మాత్రం పంపు, ఆపకు, నాకు అవసరముంది. ఇంకోటి, గాలికి దుకాణం బోర్డు ఊడి పడిపోయింది. మళ్ళీ కొడదామంటే సరైన మేకు దొరకలేదు. దొరికాక చూద్దాంలే.

నువ్వు పైన సన్నబడ్డావా, లావెక్కావా? భుజాల దగ్గర మరీనూ. ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు


కొండమీది వాతావరణ కేంద్రం,
ఎండ కాసిన మొదటి రోజు

ఒరేయ్ అబద్ధాలకోరు,

నిమిరితే డబ్బా? చెవి వెనకాలైతే ఎక్కువా? కడుపు నొప్పొచ్చేలా నవ్వాను. నవ్వి నవ్వి, ఆఖరికి చల్లబడి కూర్చున్నాను. ఎందుకంటే ఆ హాస్టల్ రేటు ఎంతో నాకు నీకంటే బాగా తెలుసు. నీకు నేను చెప్పిన రేటు నా సొంత కల్పన. అసలు రేటు అందులో మూడో వంతు కూడా లేదు. దొరకి అక్కడ చోటు మాట్లాడుకున్నాను కూడా. తర్వాత వెళ్ళి వద్దని చెప్పొచ్చాను.

ఎందుకో చెబుతాను. కొండెక్కే ముందు ప్యాంటు పొడవు సరిచేయించుకోవడానికి నీ దుకాణానికొచ్చాను చూడు, మడమ దగ్గర గుండుసూది పెడుతుంటే కిందికి వంగి చూశాను. బట్టలు కత్తిరించే బల్ల కింద దిండుంది. దుప్పటుంది. సబ్బుపెట్టె ఉంది. పక్కనే మన అమ్మ ఇచ్చిన కంచం బోర్లించి ఉంది. నా తమ్ముడు బల్ల కింద బతుకుతున్నాడని అప్పుడు తెలిసింది. ‘ఇంటికి వెళ్తున్నావా?’ అంటే ‘వెళ్ళక ఎక్కడికి పోతాను’ అని చక్కా నవ్వావు. అంతకు ముందు ఎన్నిసార్లు అడిగినా అదే నవ్వు.

ఇంటికి పోరా అంటే నువ్వు పోవు. నా కోసం పోరా అంటే అస్సలు పోవు. డబ్బు దండగైపోతోందంటే మాత్రం కొండనైనా నెత్తిన పెట్టుకుంటావు. అందుకే ఆ రేటు అంత పెంచాను. ఇంకాస్త పెంచితే అనుమానం వస్తుందేమోనని భయపడ్డాను కూడా.

కాబట్టి విను. దొరని నువ్వే ఉంచుకో. నేను దిగొచ్చాక కూడా. చీకటి పడేసరికి నీ కోసం గుమ్మంలో ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి, నాకు ఆ ఒక్క ధైర్యం చాలు. ఇక్కడ రాత్రిళ్ళు కాళ్ళ దగ్గర వాడి బరువు లేక నాకు నిద్ర పట్టడం లేదన్న మాట నిజమే. నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది. ఆదివారాలు వచ్చి చూసి పోతాను.

ఈ అబద్ధానికి అసలు ఖర్చు ఇదని మొదట్లో నాకు తోచలేదు. తోచినా ఇలాగే చేసేదాన్ని.

వచ్చే వారం దారి తెరుస్తారట.

అక్క


ఇల్లు, ముందుగది,
కిటికీ పక్కన

అక్కా,

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడ్డం లేదనుకుంటుందట. నీ పిల్లి సంగతేమోగానీ నువ్వు మాత్రం అంతే.

కోటావిడ ఎవరనుకున్నావు? ఆ హాస్టల్ ఆవిడే. ఆ కోటు నిండా ఊళ్ళో పిల్లులన్నిటి వాసనా ఉంది, అందుకే మనవాడు అలా కలబడ్డాడు. చేతులు కట్టుకుని తప్పు చెప్పుకుందామని నిలబడితే ఆవిడ ఒకటే నవ్వు. ‘గోరు గుర్తు చూస్తేనే తెలిసిందండీ. ఏం పేరు మీవాడి పేరు?’ అంది. చెప్పాను. ‘దొరా! వాడికి మా దగ్గర చోటు ఉంచాను కదండీ. వాణ్ణి పెంచుకునే ఆవిడ మళ్ళీ వచ్చి వద్దంది. మా తమ్ముడు చూస్తానన్నాడండీ, మా తమ్ముడు చూస్తానన్నాడని ఒకటికి పదిసార్లు చెప్పుకుని సంబరపడిపోయింది’ అంది. ఆ మాటలు వింటూ నేను కోటు మడత విప్పి మళ్ళీ పెట్టాను.

తర్వాత రేటు అడిగాను. చెప్పింది. నాకు కళ్ళు తిరిగాయి. అక్కా, నువ్వు నాకు పంపుతున్న సగం ఆ హాస్టల్ మొత్తం కంటే ఎక్కువ! మిగులుతుందన్నావు, ఏం మిగిలింది నీకు? ఇంత నష్టానికి బేరం కుదుర్చుకున్న మనిషిని నేను నా జన్మలో చూడలేదు. ఆ రోజంతా నీ మీద కోపంతో ఊగిపోయాను. రాత్రికి ఆ కోపం ఎటు పోయిందో తెలీదు. అందుకే నువ్వు హాస్టల్ అన్న వెంటనే నేనూ రెండు ఆకులు ఎక్కువే చదివినట్టు రేటు రెట్టింపు చేశాను. నిమిరే రేటు మాత్రం కాస్త ఎక్కువైంది, ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి. దొర ఒంటరిగా భేషుగ్గా తింటాడు. నేను గిన్నె పెట్టి నీళ్ళ కోసం వెనక్కి తిరిగేలోగా ఖాళీ చేసి మూతి తుడుచుకుంటాడు. అది నాకు మొదటిరోజే తెలిసింది. తెలిసి కూడా రోజూ పక్కనే కూర్చుని తిన్నాను. షరతు షరతే కదా అనుకున్నాను.

ఆవిడ వంకర కాజా వేలితో తడిమి చూసి, ‘దీని పక్కన మిగతావి పాతబడిపోయినట్టున్నాయి, అన్నీ ఇలాగే చేసిపెట్టండి’ అంది. చేసిపెట్టాను. ఆ తర్వాత చెయ్యి ఊరుకోలేదు. నువ్వు పంపిన డబ్బంతా పెట్టి గుడ్డ కొన్నాను. పిల్లికి బిచ్చం పెట్టనివాడు పిల్లి పేరు చెప్పి వచ్చిన డబ్బు మొత్తం తగలేశాడని నువ్వు వీధంతా చాటుకోవచ్చు. ఈ బండిలో వస్తున్న మూటలో నీ కోటుంది. భుజాలు నువ్వు చెప్పకపోయినా కుట్టాను, నా అక్క భుజాలు నాకు తెలియకపోతే నేనేం దర్జీని? దిగేటప్పుడు వేసుకో, బండిలో చలి. కాజాలు కింది నుంచి మొదలుపెట్టాను, కాబట్టి కిందివి చూడకు. పైకి వచ్చేకొద్దీ చెయ్యి తిరిగింది. మెడ దగ్గరిది మాత్రం ఒకసారి వెలుతురులో పెట్టి చూడు. అది నేను కుట్టిందో నీ మరదలు కుట్టిందో నాకే తెలియలేదు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. లోపల దొర వెంట్రుకలు కొన్ని ఉంటాయి, అవి దులపకు.

ఇక దొర మాట. ఉంచుకోమంటే నాకు మనసులో ఎంత ఆశ పుట్టిందో దాచను. కానీ వద్దు. బండి దిగి నేరుగా ఇక్కడికి రా, భోజనం చెయ్యి, నీ పిల్లిని నువ్వు తీసుకెళ్ళు. నీ కాళ్ళ దగ్గర వాడుండాలి. బల్ల కింది దిండూ దుప్పటీ కంచం అన్నీ ఇంటికి తెచ్చేశాను. రెండు కోట్లు ఒప్పుకున్నాను, సాయంత్రం చేతిమీద వేసుకుని వస్తున్నాను, ఈ కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. ఇంటికి రావడానికి నాకు ఇప్పుడు పిల్లి అక్కర్లేదు అక్కా.

ఆదివారాలు రావడం మాత్రం మానకు, వాణ్ణి వెంటేసుకుని. వచ్చే చలికాలం మళ్ళీ నిన్ను కొండెక్కమంటారేమో, ముందే చెప్పు. ఆ హాస్టల్ రేట్లు ఇంకా ఇంకా పెరిగిపోతున్నాయని విన్నాను.

నీ
తమ్ముడు